పగలగొట్టి చూశాకే గొలుసుకు ఎక్కించండి

వడ్రంగి సంచిలో ఏమేం ఉంటాయో ఎప్పుడైనా పరిశీలించారా? ఉలి, సుత్తి, రంపం, చిత్రిక ఉంటాయి. వాటితోపాటు కొలబద్ద, మూలమట్టం కూడా ఉంటాయి. మొదటివి కొయ్యను కోసేవి, చెక్కేవి. రెండోవి, చెక్కింది సరిగా ఉందో లేదో చెప్పేవి. మూలమట్టం లేని వడ్రంగికి మీ ఇంటి తలుపు అప్పగిస్తారా?

ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇలాంటి సంచి ఒకటి ఉంటుంది. మీలో పై తరగతుల వారు 'బ్లాక్‌చెయిన్' అనే మాట వినే ఉంటారు. దానిమీద నడిచే ప్రోగ్రాములు రాయాలని కొందరికి ఉబలాటం కూడా ఉండవచ్చు. మంచిదే! కాని ఆ పనికి సంచి సర్దుకోవడం నేర్పేవారిలో చాలామంది ఉలి గురించే చెబుతున్నారు, మూలమట్టం సంగతి చివర్లో ఒక ముక్కగా అనేసి ఊరుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులైనది. ఎందుకో చూద్దాం.

బ్లాక్‌చెయిన్ అంటే ఒక లెక్కల పుస్తకం. దాని నకళ్ళు వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఏ ఒక్కరూ దానికి యజమాని కారు. ప్రతి పేజీలో ఉన్నదాన్నంతా ఒక సూత్రం ప్రకారం కుదించి, ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యను తరువాతి పేజీలో రాస్తారు. పాత పేజీలో ఒక్క అక్షరం మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది. తరువాతి పేజీతో పొసగదు, దొంగతనం బయటపడుతుంది. 2015 జూలై 30న మొదలైన ఎథీరియం అనే గొలుసులో లెక్కలే కాదు, ప్రోగ్రాములు కూడా రాసి ఉంచవచ్చు. అయితే ఒక చిక్కుంది. ముందుగా దారి ఉంచుకుంటే తప్ప, ఒకసారి ఎక్కించిన ప్రోగ్రామును రాసినవారు కూడా దిద్దలేరు. మోసాన్ని ఆపే గుణమే పొరపాటును కూడా శాశ్వతం చేస్తుందన్నమాట!

ఇందుకు 2016లో జరిగినదే సాక్ష్యం. 'ది డావో' అనే ప్రోగ్రాములో వేలాదిమంది కలిసి సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్లు జమ చేశారు. ఈథరు అంటే ఎథీరియం నాణెం. జూన్ 17న ఎవరో అందులోంచి సుమారు 36 లక్షల ఈథర్లు లాగేశారు. తాళం పగలలేదు, రహస్య సంకేతం ఎవరికీ చిక్కలేదు. మరి ఎలా పోయాయి?

ఒక పొదుపు సంఘం గుమాస్తాను ఊహించుకోండి. మీ ఖాతాలో 100 రూపాయలున్నాయి. అడగ్గానే ఆయన డబ్బు మీ చేతిలో పెట్టి, ఆ తరువాత పుస్తకంలో తీసివేత రాస్తాడు. ఆయన కలం తీసేలోగా మీరు మళ్ళీ అడిగితే? పుస్తకంలో ఇంకా 100 ఉంది కదా, మళ్ళీ ఇస్తాడు! ఆ ప్రోగ్రాములో జరిగింది ఇదే. ముందు రాసి, తరువాత ఇచ్చి ఉంటే సరిపోయేది. వరుస తప్పినందుకు అంత నష్టం! చివరకు జూలై 20న ఎక్కువమంది ఒప్పుకొని గొలుసు నియమాలనే మార్చి ఆ సొమ్ము వెనక్కు తెప్పించారు. ఒప్పుకోనివారు పాత గొలుసునే కొనసాగించారు. ఒక గొలుసు రెండైంది.

ఇప్పుడు సంచి సర్దుదాం. ముందుగా కంప్యూటరులో నోడ్ జేఎస్ ఉండాలి. దాని సాయంతో హార్డ్‌హ్యాట్ అనే పనిముట్ల పెట్టెను తెచ్చుకోవచ్చు. రెండూ ఉచితమే. హార్డ్‌హ్యాట్ అంటే కట్టడం పనివారు తలకు పెట్టుకునే గట్టి టోపీ. ప్రోగ్రాము రాయడానికి సాలిడిటీ అనే భాష ఉంది. అది ఉలి. మరి మూలమట్టమో? హార్డ్‌హ్యాట్ మీ కంప్యూటరులోనే ఒక బుల్లి గొలుసును నడిపిస్తుంది. 20 ఖాతాలిచ్చి, ఒక్కొక్కదానిలో 10,000 ఉత్తుత్తి ఈథర్లు పోస్తుంది. ఎంత పోగొట్టుకున్నా నష్టం లేదు. ఒక్క జాగ్రత్త! ఆ ఖాతాల రహస్య సంకేతాలు లోకమంతటికీ తెలిసినవే. నిజం డబ్బు వాటికి పంపితే పోయినట్టే.

ఈ బుల్లి గొలుసు మీద మీరు మొదట చేయవలసింది ఏమిటి? గుమాస్తా కథలోని తప్పు ప్రోగ్రామును కావాలనే రాయండి. దాన్ని దోచే ప్రోగ్రాము కూడా మీరే రాయండి. హుండీ ఖాళీ కావడం కళ్ళారా చూడండి. తరువాత ఆ రెండు వాక్యాల వరుస మార్చి, మళ్ళీ దోచడానికి ప్రయత్నించండి. ఈసారి దొంగ వట్టి చేతులతో తిరిగిపోతాడు. ఈ పరీక్షను దాచుకుని, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ నడపండి.

"ఇంత పరీక్షిస్తే ఎప్పటికి పూర్తవుతుంది?" అని మీరు అడగవచ్చు. ఆలస్యమయ్యే మాట నిజమే. పరీక్షలన్నీ నెగ్గినా ఏ తప్పూ లేదని పూచీ ఇవ్వలేం, అదీ నిజమే. అయినా, దిద్దడానికి వీలులేని చోట అడుగుపెట్టేవారు దిద్దడానికి వీలున్న చోట ఎంతకాలం గడిపినా వృథా కాదు. అందులోనూ ఆ ప్రోగ్రాము కాపాడవలసింది మీ డబ్బు ఒక్కటే కాదు, మిమ్మల్ని నమ్మిన ఇతరుల డబ్బు కూడా.

కాబట్టి మీ మిత్రులెవరైనా "నేను బ్లాక్‌చెయిన్ ప్రోగ్రాము రాశాను" అంటే తప్పకుండా మెచ్చుకోండి. వెంటనే ఇంకొక ప్రశ్న కూడా వేయండి: "దాన్ని పగలగొట్టడానికి ఎన్ని రకాలుగా ప్రయత్నించావు?"