ధనుర్మాసంలో పరుగు

ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం. దానికి సిద్ధమయ్యే హైదరాబాదీలకు డిసెంబరంతా తెల్లవారుజాము చలిలోనే గడుస్తుంది. గల్లీల్లో అప్పుడే వేసిన ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగి, నెక్లెస్ రోడ్డు చేరేసరికి ఇంకా చీకటే.

చలి మేలే చేస్తుంది, ఒళ్లు త్వరగా వేడెక్కదు. కానీ దాహం తెలియనివ్వదు. చెమట గాలికే ఆరిపోతుంది. ఇంటికొచ్చి బనీను విప్పితే తెల్లటి ఉప్పు చారలు, ఒంట్లోంచి ఎంత పోయిందో అప్పుడు తెలుస్తుంది. నీళ్ల సీసా లేకుండా బయల్దేరేవాళ్లను చూస్తే నాకు నిజంగా బెంగ. పైగా ముంబయిది సముద్రపు తేమ. అక్కడ చెమట ఆరదు, కాళ్లు అలిసిపోయాక పెడ్డర్ రోడ్డు ఎక్కాలి. అందుకే వారానికొక్క పరుగైనా ఎండెక్కాక చేయండి.

పోటీకి ముందు దూరం తగ్గించి కాళ్లకు విశ్రాంతినిచ్చే రోజుల్లోనే సంక్రాంతి వస్తుంది. అరిసెలు తినండి, మొహమాటం వద్దు. 42.195 కిలోమీటర్లకు బియ్యం, బెల్లం అక్కరకొస్తాయి. శనివారం మాత్రం నూనె సరుకు ముట్టకండి, కొత్త బూట్లు తొడగకండి.

వారంవారీ దూరాల పట్టిక, మోకాళ్ల జాగ్రత్తలు లోపలి పేజీల్లో ఉన్నాయి.

– సంపాదకుడు