బాత్ చూశారా, బస్సు దిగొచ్చారా?

"బాత్‌లో ఏముంది బాసూ, పాకుడు పట్టిన కోనేరు! దానికి అంత టిక్కెట్టా?" మొన్న లంచ్‌లో మా టీమ్‌మేట్ ఒకడు తేల్చిపారేశాడు. ఎలా వెళ్ళావురా అంటే అసలు సంగతి బయటపడింది. పొద్దున విండ్సర్, మధ్యాహ్నం స్టోన్‌హెంజ్, సాయంత్రం బాత్. ఒక్క రోజు, ఒక్క బస్సు. బాత్‌కి మిగిలింది గంటన్నర, అందులో అరగంట ఫోటోలకే. ఇహ కోనేరు తప్ప ఏం కనిపిస్తుంది?

వాణ్ణి అనడానికి నాకూ మొహం లేదు లెండి. మొదటిసారి నేను వెలగబెట్టిందీ అదే. అప్పటికి మా ఆవిడ లండన్ వచ్చి రెండు నెలలు. వారమంతా నేను ఆఫీసులో, తను నాలుగు గోడల మధ్య. బయటికెళ్ళే ఆ ఒక్క రోజునీ ఎక్సెల్ షీట్‌లో పెట్టాను. మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె దగ్గర తను ఆగి చదువుతుంటే, "బస్సు వెళ్ళిపోతుంది, పద పద" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. లండన్ చేరేదాకా నాతో మాట్లాడలేదు.

రెండోసారి టిక్కెట్లు తనే తీసింది. ప్యాడింగ్టన్ నుంచి గంటన్నర రైలు, రాత్రికి అక్కడే బస. తిన్నగా ఆ పెట్టె దగ్గరికే తీసుకెళ్ళింది. లోపల సీసం రేకులు. రోమన్ల కాలంలో వస్తువులు పోగొట్టుకున్న జనం, దొంగని శిక్షించమని సూలిస్ మినర్వా అమ్మవారికి రాసుకున్న అర్జీలు! 130 దాకా దొరికాయట. డొసిలియానస్ అనే పెద్దమనిషి, తన అంగీ తెచ్చి గుళ్ళో పెట్టేదాకా దొంగకి నిద్రా పిల్లలూ లేకుండా చెయ్యమంటాడు. తిరుపతిలో చెప్పులు పోయినప్పుడు మా బాబాయ్ పెట్టిన శాపనార్థాలు అచ్చం ఇవే.

ఆ పాకుడు సంగతి కూడా చెప్తా. రోమన్లు ఆ కోనేటికి కప్పు వేశారు. ఇప్పుడది లేదు కాబట్టి వెలుతురు పడి నాచు పెరుగుతుంది. ఊటలో నీళ్ళు 46 డిగ్రీలు, రోజుకి 11 లక్షల లీటర్లకి పైనే, మోటారూ గీటారూ లేకుండా. అడుగున రోమన్లు పరిచిన సీసం రేకులు ఇంకా ఉన్నాయి. మనం రాసిన కోడ్ రెండో రిలీజ్ దాకా బతకదు! పై వరండాలో విగ్రహాలు మాత్రం 19వ శతాబ్దం చివర్లో పెట్టినవి. మావాడు "రోమన్ ఎంపరర్‌తో నేను" అని ఫోటో దిగింది వాటి పక్కనే.

అందులో దిగనివ్వరని ఇంకో గోల. 1978లో ఆ ఊటనీళ్ళలోని అమీబా సోకి ఒక అమ్మాయి చనిపోయింది, అందుకే ఆపేశారు. మునగాలనుంటే 2006లో తెరిచిన థర్మే స్పా దగ్గర్లోనే ఉంది, శుద్ధి చేసిన ఊటనీళ్ళే.

టిక్కెట్టు ఎక్కువే, ఒప్పుకుంటా. గంటన్నరకైతే మరీ ఎక్కువ. మేం పూటంతా లోపలే ఉన్నాం, సాయంత్రం పుల్ట్‌నీ వంతెన దగ్గర ఏవన్ గట్టున ఊరికే కూర్చున్నాం. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. మా ఆవిడ మాత్రం రెండు నెలల కబుర్లు చెప్పింది.

మావాడు వచ్చే నెల పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాడట. మూడు రోజుల్లో. వాళ్ళావిణ్ణి అడిగే బుక్ చేశాడో లేదో!