1932లో ఇరాక్‌కు వచ్చింది స్వాతంత్ర్యమేనా?

ప్రపంచ చరిత్ర నోట్స్‌లో ఇరాక్‌కు మనం ఇచ్చేది ఒకే లైను. "1932 అక్టోబర్ 3న నానాజాతి సమితి సభ్యత్వం, మాండేట్ దేశాల్లో తొలి స్వాతంత్ర్యం." రెండేళ్లుగా నేనూ అదే రాస్తున్నాను. తేదీ సరైనదే. 'స్వాతంత్ర్యం' అన్న మాటతోనే నా పేచీ. బ్రిటన్ ఇరాక్‌ను వదిలిపెట్టలేదు, ఖర్చు తగ్గించుకుని అక్కడే ఉండిపోయింది.

1920 ఏప్రిల్‌లో శాన్ రెమోలో మాండేట్ బ్రిటన్ చేతికొచ్చింది. వేసవికల్లా యూఫ్రటీస్ పొడవునా షియాలు, సున్నీలు కలిసి తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచిన సైన్యంలో ఎక్కువమంది భారత సిపాయిలే. సరిగ్గా అప్పుడే ఇక్కడ సహాయ నిరాకరణ మొదలైంది. ఈ రెండింటినీ ఒకే పేజీలో చూపించిన గైడ్ నాకింతవరకు దొరకలేదు. (1932 దాకా బాగ్దాద్ బజారులో చెల్లింది కూడా మన రూపాయే!)

తిరుగుబాటు అణిగింది కానీ బిల్లు చూసి లండన్ బెంబేలెత్తింది. 1921 మార్చిలో కైరో సమావేశంలో వలసల మంత్రి చర్చిల్ చవకదారి వెతికాడు: భారీ సైన్యం బదులు విమానాలు, ప్రత్యక్ష పాలన బదులు ఒక రాజు. ఆ రాజు ఫైసల్. అంతకుముందు ఏడాదే ఫ్రెంచివాళ్లు ఆయన్ను డమాస్కస్ నుంచి తరిమేశారు. పోటీకి నిలబడగల సయ్యద్ తాలిబ్‌ను హైకమిషనర్ ఇంటికి టీకి పిలిచి, బయటికి రాగానే అరెస్టు చేసి సిలోన్‌కు పంపేశారు. ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ! ఫైసల్‌కు 96 శాతం మద్దతట.

1922 అక్టోబర్ నుంచి దేశ రక్షణ బాధ్యత బ్రిటిష్ వైమానిక దళానిది. రక్షణ అంటే ఆచరణలో, పన్ను కట్టని తెగల మీద కూడా బాంబులే.

చమురు సంగతి ఇంకా స్పష్టం. శాన్ రెమో ఒప్పందం ఇరాకీలకు 20 శాతం దాకా వాటా ఇవ్వొచ్చంది. 1925 మార్చిలో టర్కిష్ పెట్రోలియం కంపెనీతో కుదిరిన 75 ఏళ్ల ఒప్పందంలో ఆ వాటా లేదు. టన్నుకు నాలుగు బంగారు షిల్లింగుల రాయల్టీతో సరిపెట్టారు. 1927లో కిర్కుక్ దగ్గర బాబా గుర్‌గుర్‌లో చమురు ఎగజిమ్మేనాటికి సంతకాలన్నీ అయిపోయాయి.

మరి సమితి సభ్యత్వం, సొంత పార్లమెంటు ఉత్తుత్తివేనా అని అడగొచ్చు. కాదు. ఫైసల్ కీలుబొమ్మ కూడా కాదు, బ్రిటన్‌తో ప్రతి ఒప్పందం దగ్గరా బేరమాడాడు. కానీ నూరి అల్-సయీద్ సంతకం చేసిన 1930 ఒప్పందం చదవండి. గడువు 25 ఏళ్లు. బ్రిటన్‌కు వైమానిక స్థావరాలు. యుద్ధం వస్తే ఇరాక్ రైళ్లు, నదులు, రేవులు, విమానాశ్రయాలు వాడుకునే హక్కు. బ్రిటిష్ రాయబారికి మిగతా దేశాల రాయబారులందరికంటే ముందు పీట. స్వాతంత్ర్యం వచ్చిన రోజే అమల్లోకి వచ్చింది ఈ ఒప్పందం.

1941 ఏప్రిల్‌లో ఆ కాగితాన్ని చూపించే బస్రాలో ఒక బ్రిగేడ్‌ను దింపారు. ఈసారీ భారత సిపాయిలే. మేలో యుద్ధం జరిగింది. నెల తిరక్కుండానే బాగ్దాద్‌లో ప్రభుత్వం మారిపోయింది.