75 దాటినవారి మందుల చీటీని ఒకసారి తిరగేయండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు,

పెద్దవాళ్ల చీటీలో కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అటార్వాస్టాటిన్ ఒకసారి చేరిందంటే ఇక దిగదు. బీపీ మాత్ర మారుతుంది, షుగరు మాత్ర మారుతుంది; ‘రాత్రి 1’ అన్న ఆ వరస మాత్రం కదలదు. గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి అది కావలసిందే, అందులో పేచీ లేదు. పేచీ అంతా ఆ జబ్బులేవీ లేకుండా 75 దాటినవారికి కొత్తగా మొదలుపెట్టడం గురించే. 2019లో లాన్సెట్‌లో వచ్చిన 28 స్టాటిన్ పరీక్షల ఉమ్మడి విశ్లేషణలో సుమారు 1,87,000 మంది ఉంటే, 75 పైబడినవారు 14,500 లోపే. వారిలో రక్తనాళాల జబ్బు లేనివారికి మేలు జరుగుతుందనడానికి ప్రత్యక్ష ఆధారం తక్కువేనని ఆ పరిశోధకులే రాశారు.

ఇలా బయటికి రాస్తే జనం మాత్రలు మానేస్తారని మీరనవచ్చు. ఆ భయం న్యాయమైనదే. స్టాటిన్ పడక మానేసినవారితో చేసిన శామ్సన్ పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లోనూ దాదాపు స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలే కనిపించాయి. ప్రతి కండరాల నొప్పినీ స్టాటిన్ మీదికి తోయలేం. కానీ దగ్గుకని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఈ మాత్ర సంగతి అడగకపోతే, రెండూ కలిసినప్పుడు కండరాలు దెబ్బతిని కిడ్నీల దాకా ముప్పు రావచ్చు. అరుదే, అయినా ఒక్క ప్రశ్నతో తప్పేది.

కాబట్టి 75 దాటినవారు ఏడాదికోసారి మాత్రలన్నీ సంచితో సహా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెచ్చేలా, ఏది ఎందుకో డాక్టరు తెలుగులో రాసిచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు