న్యాయపీఠం ఎదుట నిలిచినప్పుడు



కొంతకాలం క్రితం మా సంఘంలోని ఒక పెద్దాయనకు తోడుగా భూమి కేసు విచారణకు వెళ్లాను. ఆయన ఇంట్లో మాట్లాడేది కువి, సంతలో ఆదివాసీ ఒడియా. తెలుగు అంతంత మాత్రమే. విచారణ చేసే అధికారి ఎదుట చేతులు కట్టుకొని, తల వంచుకొని నిలబడ్డారు. అవతలి వకీలు, "ఈ పొలం మీ నాన్న కాలం నుండి మావాళ్లే దున్నుతున్నారు కదా?" అని అడిగాడు. "చిత్తం బాబూ" అన్నారు ఈయన. నా గుండె జారిపోయింది.

మధ్యాహ్నం విరామంలో వరండాలో అడిగాను: "పెద్దయ్యా, ఎందుకలా అన్నావు?"

"అంత పెద్ద బాబు ఎదుట కాదని ఎలా చెబుతామయ్యగారూ? మర్యాద కాదు గదా!"

ప్రియులారా, ఆ మాట ఒక్కరిది కాదు. 1969లో ముఠాలు రద్దయ్యేదాకా మన కొండలలో తరతరాలు ముఠాదారు ఎదుట వంగి నిలబడినవారి మాట అది. భయాన్నే మర్యాద అనుకోవడం మనకు అలవాటైపోయింది.

మా వకీలు యౌవనస్థుడు. విరామం తరువాత లేచి నిలబడి, సాక్షికి ప్రశ్న అర్థం కాలేదనీ, ఆయన భాషలో మరలా అడగనివ్వాలనీ వినయంగా మనవి చేశాడు. అధికారి కోపపడలేదు. భాష తెలిసిన ఒకరిని పిలిపించారు. ఈసారి పెద్దాయన తల యెత్తి, "కాదు బాబూ. మా నాన్న దున్నాడు, తరువాత నేను దున్నాను" అన్నారు. అధికారి ఆ మాట రాయించి, చదివి వినిపించారు. న్యాయం తీర్చేవారికి కావలసింది మన దండాలు కాదు, నిజం. నిజం దాచితే ఆయనను తప్పుదారి పట్టించినవారమవుతాము. అది మర్యాద ఎలా అవుతుంది?

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయము చూడండి. మహాసభ ఎదుట తనను నోటిమీద కొట్టించిన అననీయను పౌలు గద్దించాడు. అతడు ప్రధానయాజకుడని తెలియగానే, ప్రజల అధికారిని నిందించకూడదని ధర్మశాస్త్రంలో ఉన్నదని ఒప్పుకొని తగ్గాడు. అయితే తన సాక్ష్యం మాత్రం విడువలేదు. తరువాత ఫేస్తు ఎదుట కైసరుకు చెప్పుకొంటానని హక్కు అడిగాడు. మర్యాద, ధైర్యం ఒకే మనిషిలో ఉండవచ్చునన్నమాట.

కోర్టుకు వెళ్లవలసివస్తే ఈ సంగతులు జ్ఞాపకముంచుకోండి. కొండ బస్సును నమ్ముకోకుండా ముందుగానే చేరండి. బంట్రోతు పిలిచినప్పుడు లేకపోతే కేసుకే చేటు. న్యాయమూర్తి వచ్చేటప్పుడు లేచి నిలబడి నమస్కరించండి. సెల్‌ఫోను ఆపివేయండి. ఎదుటి పక్షంవారితో గొడవపడక, చెప్పేది పీఠం వైపు చూసి చెప్పండి. కాళ్లమీద పడనక్కరలేదు. "అయ్యా" అంటే చాలు. వకీళ్లు సయితం "మై లార్డ్" అనే తెల్లదొరల కాలపు పిలుపు మానవచ్చునని బార్ కౌన్సిల్ 2006లో తీర్మానించింది. ఆ పిలుపు తప్పనిసరి కాదు, గౌరవంగా పిలిస్తే చాలునని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మన ఏజెన్సీలో గిరిజన భూముల కేసులు 1959 నాటి 1వ రెగ్యులేషన్, దాని 1970 సవరణ ప్రకారం స్పెషల్ డిప్యూటీ కలెక్టరు వింటారు. నల్లకోటు లేదని ఆ పీఠాన్ని తేలికగా చూడకండి.

ప్రశ్న అర్థం కాకపోతే "అర్థం కాలేదయ్యా" అనండి. తెలియనిదానికి "తెలియదు" అనండి. ప్రమాణం చేయడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారు దేవుని పేరు లేకుండా సత్యమే చెబుతానని ధృవీకరించవచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం ఆ వీలు కల్పించింది. వకీలుకు డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

మరొక్క మాట. పెద్దల దగ్గరకు వట్టి చేతులతో వెళ్లకూడదని మనవారు కోడిపుంజో, తేనె సీసానో పట్టుకుపోతారు. చుట్టపుటింటికి అది ప్రేమ, న్యాయమూర్తి ఇంటికి అది లంచం. లంచం చూపున్నవారిని గుడ్డివారిని చేస్తుందని మోషే ధర్మశాస్త్రం హెచ్చరించింది.

తీర్పు ప్రతికూలంగా వస్తే? నిందించకండి, నిరాశపడకండి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసును హైకోర్టు 1995లో కొట్టివేసింది. వారు చట్టం చూపిన మెట్లే ఎక్కి సుప్రీంకోర్టుకు వెళ్లారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సయితం గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరిది ఆ తీర్పు, ఒకరు విభేదించారు. న్యాయమూర్తులే ఒకరితో ఒకరు మర్యాదగా విభేదిస్తారు. మనం పైకోర్టుకు చెప్పుకోవడం అగౌరవం ఎలా అవుతుంది?

ఆ పెద్దాయన కేసు ఆ రోజున తేలలేదు, మరొక వాయిదా పడింది. అయినా తిరుగు బస్సులో ఆయన నాతో, "అయ్యగారూ, ఈరోజు నా నోటితో నేను మాట్లాడాను" అన్నారు. పిల్లలారా, పెద్దలారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఇంట్లో ఒకరినొకరు అడగండి: మనం పెద్దలకిచ్చేది గౌరవమా, లేక భయమా?