ఆ బరువు పిల్లలది కాదు

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ఎదుట మద్యం మానేస్తానని ప్రమాణం చేసే మనిషికి ఇంటిల్లిపాదీ తోడు వస్తారు. అతను పదిమందిలో తన బలహీనత ఒప్పుకొంటే మెచ్చుకుంటారు. అదే ఇంటి నుంచి తిరుపతికి చదువుకోవడానికి వెళ్లిన బిడ్డ ‘మనసు బాగాలేదు, నిద్ర పట్టడం లేదు’ అంటే మాత్రం గుట్టుగా ఉంచుతారు. నలుగురికీ తెలిస్తే పెళ్లవుతుందా అని భయపడతారు. ఈ దాపరికం ఇక చాలు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతిసారీ మార్కులనో, ప్రేమనో ఒక కారణం తేల్చేసి ఊరుకుంటున్నాం. ఒక్క కారణంతో ఎవరూ ఆ అంచుకు చేరరు. అయినవాళ్లకు బరువైపోయానన్న భావన, నాకంటూ ఎవరూ లేరన్న ఒంటరితనం కలిసినప్పుడే చావు ఆలోచన బలపడుతుందని అమెరికా మనస్తత్వవేత్త థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించారు. ఇక ఏదీ మారదన్న నిరాశ దీనికి తోడైతే ముప్పు మరీ ఎక్కువ.

మన సీమ పిల్లల బతుకులో ఈ మాటలకు అర్థం వెతకనక్కర్లేదు. వేరుశనగ పంట పోయి అప్పులపాలైన ఇంటి నుంచి ఇంజినీరింగ్‌కు వచ్చిన అమ్మాయికి, ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము రాలేదని హాల్‌టికెట్ ఆపితే ఏమనిపిస్తుంది? తెలుగు మీడియంలో చదివొచ్చి, ఇంగ్లీషు పాఠం అందక బ్యాక్‌లాగులు పేరుకుపోతుంటే, హాస్టల్లో ఎవరితో చెప్పుకొంటుంది? ఇంట్లోవాళ్ల కష్టానికి తానే కారణమనుకుంటుంది. ఆ పిల్లను పిరికిది అనడం అన్యాయం. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టింది మనం.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం కూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. ఖాళీగా ఉన్న ఒక లెక్చరర్‌కు కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తే చాలదు. విద్యార్థి చెప్పుకొన్నది, ప్రాణాపాయం ఉంటే తప్ప, ప్రిన్సిపాల్ గదికి చేరకూడదు. చేరుతుందని తెలిస్తే ఎవరూ నోరు విప్పరు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లు ప్రతి కాలేజీనీ తనిఖీ చేయించి, కౌన్సెలర్ లేని సంస్థల పేర్లు బయటపెట్టాలి. ఫీజు బకాయి ప్రభుత్వానిదైతే శిక్ష విద్యార్థికి పడకూడదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఐఐటీ ఉన్న తిరుపతి ఈ పనిలో ముందుండాలి.

తల్లిదండ్రులకూ స్నేహితులకూ ఒక మాట. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అడగండి, చెప్పింది వినండి, ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఈరోజే మీ బిడ్డ ఫోన్‌లో వేయండి.