డబ్బాలోకి రాని కూర

నాంపల్లి సరాయి దగ్గర మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి వరుస కడతారు. రైలు దిగి సంచి భుజానేసుకున్న కూలీ, ఆటో పక్కకు ఆపిన డ్రైవరు, కోర్టు వాయిదాకు జిల్లా నుంచి వచ్చిన ముసలాయన, కోచింగ్ నోట్సు చంకలో పెట్టుకున్న నిరుద్యోగి. అందరి చేతిలో ఐదు రూపాయలు. జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల భోజనం మొదలైంది ఇక్కడే, 2014 మార్చి 2న. నాలుగు వందల గ్రాముల అన్నం, సాంబారు, ఒక కూర, కాస్త పచ్చడి. ముందున్నవాడిది ఏ కులమని వెనకున్నవాడు అడగడు. ప్లేటు అందుకుని చెట్టు కిందో ఫుట్‌పాత్ మీదో నిలబడి తింటారు.

2025లో ఈ అన్నపూర్ణ క్యాంటీన్లు ఇందిరా క్యాంటీన్లయ్యాయి. ఆ సెప్టెంబరు చివర పొద్దున టిఫిన్ కూడా మొదలైంది. టిఫిన్ ఖర్చు 19 రూపాయలైతే తినేవాళ్ళు ఐదు ఇస్తారు, మిగతా 14 జీహెచ్‌ఎంసీ భరిస్తుంది. పేరు మార్పు మీద రాజకీయ పార్టీలు బాగానే కొట్లాడుకున్నాయి. అన్నపూర్ణ పేరు తీసేస్తారా అని ఒకరు, ఇందిర పేరు పెడితే తప్పేంటని ఒకరు. ఆ గొడవలో ఒక్క ప్రశ్న మాత్రం మాకు వినపడలేదు. ఈ అన్నం ఎవరు వండుతున్నారు?

మొదటి నుంచీ జీహెచ్‌ఎంసీ ఈ పని అప్పజెప్పింది హరే కృష్ణ మూవ్‌మెంట్ చారిటబుల్ ఫౌండేషన్‌కు. పెద్ద వంటశాలలో వండి బండ్లలో తెస్తారు. శుభ్రంగానే ఉంటుంది, వేడిగానే ఉంటుంది. కానీ ఆ వంటలో ఉల్లిగడ్డ ఉండదు, ఎల్లిగడ్డ ఉండదు. గుడ్డు, మాంసం సంగతి చెప్పనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఎస్‌ఆర్‌ఎస్ సర్వే 2014లో లెక్క తీస్తే, మాంసాహారంలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, 98 శాతానికి పైగా. అలాంటి రాష్ట్ర రాజధానిలో, ప్రజల పన్నులతో, అందరికీ పనికొచ్చే తిండి అంటే గుడి వంటే అని తేలింది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. మేము ఆ అన్నం తిన్నవాళ్ళమే. ఫెలోషిప్ నెలల తరబడి రాని రోజుల్లో ఆ ప్లేటే మాకు పూట గడిపింది. ఐదు రూపాయల అన్నాన్ని ఎగతాళి చేసే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. మేము అడుగుతున్నది వేరే. పక్కపక్కన నిలబడి తినడం కుల సమాజానికి ఇప్పుడు పెద్ద ఇబ్బంది కాదు, వండిన చేయి అందరూ ఒప్పుకునేది అయితే చాలు. ఇబ్బంది ఎక్కడుందో తెలియాలంటే నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడవాలి.

అబిడ్స్ బట్టల షాపుల్లో, చెప్పుల షాపుల్లో, జీపీవో చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళతో మేము ఆరేడు నెలలుగా మాట్లాడుతున్నాం. ఇది సర్వే కాదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు లోపు, వంతులవారీగా దొరికే ఇరవై నిమిషాల్లో, చీరల ర్యాకుల వెనకో మెట్ల మీదో కూర్చుని వాళ్ళు తినేటప్పుడు, తిన్న తర్వాత, చెప్పిన మాటలు. ఎవరి పేరూ, ఏ షాపు పేరూ ఇక్కడ రాయడం లేదు. వాళ్ళ ఉద్యోగాలు అంత గట్టివి కావు.

డబ్బాలు తెరిచే పద్ధతి చూస్తే చాలా తెలుస్తుంది. కొందరు మూత తీసి పక్కన పెట్టి, "ఏం తెచ్చినవ్ అక్కా?" అంటూ తమ కూర మధ్యలోకి జరుపుతారు. కొందరు మూత సగమే తీస్తారు. ఆ సగం మూత వెనక కూర్చునే ఒక అక్క మాకు ఎక్కువ విషయాలు చెప్పింది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన మాదిగ కుటుంబం. షాపులో ఎనిమిదేళ్ళ సర్వీసు. ఆమె ఇంట్లో వారానికి రెండు వంటలు నడుస్తాయి. ఒకటి ఇంటికి, ఒకటి డబ్బాకు.

"ఐతారం వండింది ఐతారమే అయిపోవాలె. సోమారం డబ్బాల ఆలుగడ్డనే" అంది.

పెద్దకూర మరునాటికి ఎంత రుచిగా ఉంటుందో వండుకునే ఏ ఇంటికైనా తెలుసు. మసాలా ముక్కకు పడుతుంది, పులుసు చిక్కబడుతుంది. సోమవారం పొద్దున ఆ కూర పొయ్యి మీద వేడవుతుంటే ఆమె పక్క పొయ్యి మీద ఆలుగడ్డ వేపుకుంటుంది. ఎండుచేపల పులుసు, బోటి, ఒట్టి తునకల కూర, వీటిలో ఏదీ ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆ మెట్ల దాకా రాలేదు. ఎవరూ తేవద్దని ఆమెతో అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. చేరిన కొత్తలో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర తెస్తే ఇద్దరు లేచి వెళ్ళి కౌంటరు దగ్గర నిలబడ్డారట. అదొక్కటే చాలింది.

అయితే ఆలుగడ్డ తెచ్చినా లెక్క సరిపోలేదు. మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. శనివారం ఆ బృందంలో చాలామందికి ఒక్కపొద్దు, నీసు ముట్టరు. అందరి డబ్బాల్లో కూరగాయలే. ఆ రోజైనా కూరలు చేతులు మారతాయనుకుంటాం. మారతాయి కూడా, ఆమె డబ్బా దగ్గర తప్ప. "నీసు వండిన గిన్నెల వండుతవ్ కదా అక్కా, ఏమనుకోకు" అని ఒకామె నవ్వుతూనే అన్నదట. ఆ అన్నామె ఇంట్లో ఆదివారం కోడికూర, బుధవారం చేపలు. ఆమె గిన్నె కడిగితే నీసు పోతుంది, ఈమె గిన్నె ఎంత తోమినా పోదు. తెలుగులో 'నీసు' అనే మాట ఎంత పని చేస్తోందో చూడండి. పైకి అది వాసన గురించీ, మొక్కు గురించీ మాట్లాడుతుంది. కులం పేరు ఎత్తకుండానే కులం చెప్పాల్సింది చెప్పేస్తుంది. ఆలుగడ్డకు నీసు ఉండదు. నీసు అంటగట్టింది ఇంటికి.

మరి వాళ్ళు ఆమెకు పెట్టరా అంటే, దండిగా పెడతారు. పులిహోర, పండగకు బొబ్బట్లు, ఇంట్లో శుభకార్యమైతే లడ్డూలు. "ఏసేది ఆళ్ళే, ఏయించుకునేది నేనే" అంది అక్క. ఫిర్యాదు చేయడానికి వీల్లేని వివక్ష ఇది. ప్రేమగా వడ్డించే చేతి మీద ఏమని కేసు పెడతాం? మన పట్నాల్లో బ్రాహ్మణ భోజన హోటల్ అన్న బోర్డులు ఎందుకు నడిచాయో గుర్తు తెచ్చుకోండి. ఆ వంట అన్ని కులాలూ తినగలవు. వండిన అన్నం పై నుంచి కిందికి ఎంత దూరమైనా వెళ్తుంది, కింది నుంచి పైకి ఒక్క మెట్టు ఎక్కదు. ఐదు రూపాయల ప్లేటు కిందికి దిగే దారిలో వచ్చింది. అక్క ఆలుగడ్డ పైకెక్కే దారిలో ఆగిపోయింది.

ఇంటి దగ్గరా ఇదే కథ. మాలో ఒకరు నాంపల్లి దగ్గర గది కోసం తిరిగినప్పుడు ఒక ఓనరు కులం అడగలేదు, "నాన్‌వెజ్ వండుతారా?" అని మాత్రమే అడిగాడు. గుడ్డు దాకా ఒప్పుకున్నాడు. ఆ గదిలో ఉన్న పది నెలలూ కిటికీ మూసి, ఊదుబత్తి వెలిగించి ఎండుచేపలు వేపుకోవడం, పొట్టు కవర్లో చుట్టి దూరంగా చెత్తకుండీలో పడేసి రావడం. కొన్నాళ్ళకు వండటమే మానేశాడు. అలవాట్లు మారాయంటారు కదా, చాలాసార్లు ఇలాగే మారతాయి.

సహపంక్తి భోజనాల చరిత్ర మనకు కొత్త కాదు. కేరళలోని చేరాయిలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో మిశ్రభోజనం పెడితే సొంత ఈళవ కులమే ఆయన్ను వెలేసింది. పులయ పిల్లలతో కలిసి తినడం ఆ రోజుల్లో నిజంగా ప్రమాదం. కానీ 1936 నాటికే అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు, కలిసి తిన్నంత మాత్రాన కులం పోలేదని, పోదని. ఆయన చూపిన అసలు మందు కులాంతర వివాహం. ఆ మాట సరైనదే. అయితే మాకు తోచేదేమంటే, కలిసి కూర్చోవడానికీ పెళ్ళికీ మధ్య ఇంకో గడప ఉంది, అది వంటిల్లు. దాన్ని దాటకుండా పక్క నుంచి పోయే దారులు సవర్ణ సమాజానికి బాగా తెలుసు. 2017లో కర్ణాటకలో యడ్యూరప్ప చిత్రదుర్గలో దళితుల ఇంటికి టిఫిన్‌కు వెళితే, ఇడ్లీలు హోటల్ నుంచి వచ్చాయని గొడవైంది. మరుసటి ఏడు ఉత్తరప్రదేశ్‌లో ఒక మంత్రి దళితుడి ఇంట్లో తిన్న భోజనం మీదా అదే ఆరోపణ. ఫొటోలో ఇల్లు దళితులది, కూర ఇంకెవరిదో.

ఈ గడపను సరిగ్గా గుర్తుపట్టింది, వింతగా, ఒక కోర్టు ఉత్తర్వు. మధ్యాహ్న భోజనం వండిపెట్టాలని 2001 నవంబరు 28న చెప్పిన సుప్రీంకోర్టు, 2004 ఏప్రిల్ 20న ఇంకో మాట చేర్చింది. వంటవాళ్ళ, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని. పిల్లలు కలిసి కూర్చుంటే చాలదు, ఎవరు వండారన్నది ముఖ్యమని దాని అర్థం. ఆ దెబ్బ ఎంత లోతుగా తగిలిందో చూడాలంటే 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని సూఖీఢాంగ్ చాలు. దళిత వంటమనిషి వండిందని సవర్ణ పిల్లలు తినలేదు, ఆమెను తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు సవర్ణ వంటమనిషి వండింది తినమన్నారు. చివరికి ఆమెను తిరిగి పెట్టుకోవాల్సి వచ్చింది. అబిడ్స్ మెట్ల మీద అక్కకు లేనిది ఆ పిల్లలకు ఉంది. తిరస్కరించే చోటు.

పెద్ద కేంద్ర వంటశాలకు కాంట్రాక్టు ఇస్తే ఈ గొడవంతా రాదు. రాదు కాబట్టే అధికారులకు అది ఇష్టం. కర్ణాటకలో అక్షయపాత్ర బడి భోజనంలో ఉల్లి, వెల్లుల్లి లేకపోవడం మీద 2018, 2019లో పెద్ద వివాదం నడిచింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ భోజనం ప్రమాణాలకు సరిపోతుందంది, ఆహార హక్కు కార్యకర్తలు ఒప్పుకోలేదు. ఆ చర్చ గ్రాముల దగ్గరే ఆగిపోయింది. వంట పని ఎవరికి దక్కాలి, ఎవరి రుచి ప్రజల రుచిగా చెల్లాలి అన్నది పక్కకు పోయింది. చెన్నైలో 2013లో మొదలైన అమ్మ ఉణవగాల్లో వండేది స్వయం సహాయక సంఘాల మహిళలే. కేరళలో కుడుంబశ్రీ మహిళలు 20 రూపాయల భోజనం నడిపారు. నగరంలో మురికివాడల మహిళా సంఘాలకు వంట రాదా? 2004 ఉత్తర్వు బడి గురించే కావచ్చు, దాని ఆలోచన ఇందిరా క్యాంటీన్ల టెండరులోకి ఎందుకు రాకూడదు? ఉల్లిగడ్డ వేసిన పప్పు, వారానికి రెండు మూడు గుడ్లు, వంటశాలలో బస్తీ ఆడవాళ్ళకు జీతం ఉన్న పని. విద్యార్థి సంఘాలు జీహెచ్‌ఎంసీ ముందు పెట్టగల డిమాండ్లు ఇవి.

ఉద్యమంలో మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేస్తే దాడి జరిగింది, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. 2023లో ఐఐటీ బొంబాయి మెస్‌లో శాకాహారులకు వేరే బల్లలు కేటాయిస్తే, వాటి దగ్గర కూర్చుని నిరసన తెలిపిన విద్యార్థికి పది వేల జరిమానా. ఈ పోరాటాల విలువ తక్కువ కాదు. కానీ పండుగ ఏడాదికొక రోజు, డబ్బా రోజూ తెరవాలి. మా సమావేశాలకు మేమే "అందరూ తింటారు కదా" అని వెజ్ మీల్స్ తెప్పిస్తాం. ఆ 'అందరూ' ఎవరో అడుక్కోలేదు. తెప్పించకపోతే వండేది మా చెల్లెళ్ళు, తల్లులు. మాల ఇళ్ళకూ మాదిగ ఇళ్ళకూ మధ్య ఇంకా తెరుచుకోని మూతల గురించి సభల్లో మాట్లాడం. పైగా మన చరిత్ర కూడా ఒకే దారిలో నడవలేదు. ఇదే నగరంలో 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మద్యం మానమన్నారు, జంతుబలి వద్దన్నారు. మాంసం మానేసిన దళిత ఇళ్ళు ఈనాటికీ ఉన్నాయి. మానడం వాళ్ళ ఇష్టం. మానినా వాళ్ళ ఆలుగడ్డను పక్కవాళ్ళు తింటారా అన్నదే మా ప్రశ్న.

ఇవన్నీ రాసుకుని, పోయిన శనివారం అక్కకు చదివి వినిపించాం. షాపు వెనక మెట్ల మీద, ఆమె తినడం అయిపోయాక. అంతా విని అడిగింది, "ఆర్నెల్ల సంది అడుగుతున్నరు, రాసుకుంటున్నరు. ఒక్కనాడన్న నా డబ్బాల చెయ్యి పెట్టిండ్రా?"

పెట్టలేదు. ఆమె తినే ఇరవై నిమిషాలు ఆమెకు వదిలేయాలని మేము ఎప్పుడూ ఛాయ్ తాగి వచ్చేవాళ్ళం. అదే మర్యాద అనుకున్నాం. ఆమెకు అది ఎలా కనిపించిందో అడగలేదు.

రేపు ఆదివారం షాపు బందు, పన్నెండింటికి ఇంటికి రమ్మంది. మాలో ఒకరు మాంసం తినరని చెప్పాం. "అయితే ఆమెకు పుంటికూర పప్పు చేస్త" అంది అక్క, డబ్బా సంచిలో పెట్టుకుంటూ. "గిన్నె మాత్రం అదే."